మంగళవారం తాగించని మందు

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో బుధవారం పొద్దున పదిన్నరకు వేలం జోరు మీద ఉండగా, రీలర్ తిప్పన్న పసుపు గూళ్ల కుప్ప మీదికి బోర్లా పడ్డాడు. కళ్లు తిరిగాయేమో అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ఒకాయన మొహాన నీళ్లు చల్లాడు. ఇంకొకాయన చేతిలో తాళంచెవి పెట్టాడు. మూడో ఆయన, ఇంత గొడవలోనూ, నలభై ఒకటో లాటు ఎంతకు పోయిందని పక్కవాణ్ని గిల్లి అడిగాడు. అంబులెన్స్ వచ్చేసరికి తిప్పన్న ఒళ్లు చల్లబడింది. చొక్కా కాలర్ కింద, మెడ వెనక, దోమ కుట్టినంత ఎర్రటి చుక్క ఒకటుంది.

తిప్పన్న పదిహేనేళ్లుగా గూళ్ల నుంచి నూలు తీసేవాడు. ఎనిమిది నెలలుగా మనుషుల నుంచి వార్తలు కూడా తీసేవాడు. ఆ రెండో పని సంగతి తెలిసినవాళ్లు ఢిల్లీలో ఒకరు, ఈ జిల్లాలో ఇద్దరు.

ఆ ఇద్దరిలో ఒకరు ఆ సమయానికి పెనుకొండలో, కొండ కింద, మోచేతి దాకా గ్లవ్ తొడుక్కుని ఒక బర్రె వెనక నిలబడి ఉన్నారు. పక్కనే తెల్ల వ్యాన్. దాని మీద ‘సంచార పశువైద్యశాల’ అని రాసి ఉంది. లోపల వ్యాక్సిన్ ఐస్‌బాక్సుల అడుగున, చిటికెడు ద్రవంలో ఏ కెమికల్ ఎంత ఉందో చెప్పే యంత్రం ఉంది. ఆవిడ పేరు డాక్టర్ భవ్య. వయసు ముప్పై నాలుగు. చదివింది వెటర్నరీ టాక్సికాలజీ, అంటే పశువు ఒంట్లోకి పోయిన విషం ఏమవుతుంది, ఏ దారిన బయటికొస్తుంది అని చెప్పే శాస్త్రం. చేసేది గూఢచర్యం. రెండింటికీ పెద్ద తేడా లేదని ఆవిడ అభిప్రాయం. లోపలికి ఎవరు దూరారు, ఏ వేషం మార్చుకుని బయటికి పోతున్నారు అన్నదే రెండు చోట్లా ప్రశ్న.

ఫోన్ మోగింది.

“ఆవు ఈనిందా?”

“దూడ అడ్డం తిరిగింది,” అంది భవ్య.

కోడ్ సరిపోయింది. అవతల చీఫ్ కృష్ణకాంత్ గొంతు పొడిగా ఉంది. “తిప్పన్న పోయాడు. మెడ మీద సూది. నిండు మార్కెట్లో.”

మొన్న సోమవారమే తిప్పన్న ఆమెకు బలవంతాన టీ తాగించి, కూతురికి పాలిటెక్నిక్‌లో సీటొచ్చిందని సంబరంగా చెప్పాడు. గ్లవ్ విప్పి బకెట్లో వేసింది.

“జేబులో లాటు స్లిప్పు వెనక మూడు వాక్యాలు రాసి ఉన్నాయి,” అన్నాడు కృష్ణకాంత్. “విను. సరుకు ధర్మవరంలో దిగింది. ఫ్యాక్టరీ పెనుకొండలో లోడ్ అయింది. గురువారం పొద్దుగూకేసరికి హిందూపురం చేరి పని మొదలుపెడుతుంది.”

“ఫ్యాక్టరీ చేరడమేంటి సార్?”

“మొబైల్ ప్లాంట్. కంటెయినర్ లారీలో పెట్టి తెస్తుండొచ్చు. ఇది స్పిండిల్ పని.”

స్పిండిల్ అంటే విదేశీ పట్టునూలు సిండికేట్. ఆఫీసు ఒక దేశంలో, బ్యాంకు ఇంకో దేశంలో, పాపం మూడో దేశంలో. ఈ దేశంలో మగ్గాలన్నీ తాము పంపే నూలు మీదే బతకాలన్నది వాళ్ల కోరిక. ఆ కోరికకు అడ్డంగా పరిగి రోడ్డులో తొమ్మిదెకరాల మల్బరీ తోట ఒకటుంది.

అది మూలవిత్తన క్షేత్రం, అంటే గుడ్ల కోసం తల్లిపురుగులను పెంచే సర్కారు తోట. దాని అధికారి లలిత పంతొమ్మిదేళ్లు కష్టపడి, నలభై రెండు డిగ్రీల ఎండలోనూ చావని పట్టుపురుగు జాతిని నిలబెట్టింది. ఆ జాతి తల్లిపురుగులు ప్రపంచం మొత్తం మీద ఆ క్షేత్రంలోనే, పదహారు తట్టల్లో ఉన్నాయి. అవి తినేది ఆ తోట ఆకే. పన్నెండేళ్లుగా ఆ తోటలో పురుగుమందు చుక్క పడలేదు. పక్క పొలంవాడు మందు కొట్టే రోజున లలిత గాలివాటం చూసుకుంటూ గట్టు మీద కాపలా ఉంటుంది.

సోమవారం భవ్య అక్కడికి వెళ్లి హెచ్చరించింది. లలిత ఒక్కటే మాట అంది. “నేను మళ్లీ పంతొమ్మిదేళ్లు చెయ్యలేను డాక్టర్. నాకిప్పుడు యాభై ఆరు. ఇవి పోతే నేను కూడా పోయినట్టే.”

“మీ తోటలోకి విషం రానివ్వను,” అంది భవ్య. మాట ఇవ్వడం తేలిక.

వ్యాన్ ధర్మవరం వైపు తిరిగింది. స్టీరింగ్ దగ్గర సాల్మన్ ఉన్నాడు. నల్లమాడ మనిషి, ఒకప్పటి కానిస్టేబుల్, ఇప్పుడు పైకి డ్రైవరు, లోపల భవ్యకు కుడిభుజం. మామూలుగా కీర్తనలు పాడుతూ బండి నడుపుతాడు. ఆరోజు పాడలేదు.

*

ఆ మధ్యాహ్నం రెండింటికి, జిల్లాలో తిప్పన్న సంగతి తెలిసిన రెండో మనిషి ధర్మవరంలో, చీరల దుకాణం మేడ మీద, ఏసీ గదిలో కూర్చుని ఉంది. పేరు సంగీత. బెంగళూరులో పుట్టి పెరిగి, రెండేళ్ల కిందట ఇక్కడికొచ్చి బొటీక్ పెట్టింది. ఆమె కట్టిన చీర చూసి కొనుక్కోవాలని వచ్చేవాళ్లు, ఆమెను చూసి చీర సంగతి మరిచిపోయేవాళ్లు. స్పిండిల్ ఆమెను తమ మనిషి అనుకుంటుంది. కానీ ఆమె భవ్య మనిషి. డబుల్ ఏజెంట్. భవ్య స్వయంగా ఎంచుకుని, నేర్పించి, లోపలికి పంపిన మనిషి.

తిప్పన్న మాట వినగానే సంగీత కళ్లలో నీళ్లు తిరిగాయి. కాటుక చెదరకుండా వేలి కొసతో అద్దుకుంది.

“నాకు తెలిసింది చెబుతా,” అంది. “చీరల అట్టపెట్టెల్లో స్పిండిల్ సీసాలు దింపింది. గొర్రెల నట్టల మందు, కడుపులో పురుగులు పడిపోయేది. నిన్న, మంగళవారం పొద్దున, పెనుకొండ దగ్గర ఉచిత క్యాంపు పెట్టి కాపరులకు పంచారు. నాకు అనుమానమొచ్చి ఒక సీసా దాచా.”

టేబుల్ మీద గోధుమరంగు సీసా పెట్టింది. పక్కన చిన్న ప్లాస్టిక్ డబ్బా.

“ఇదేంటి?”

“నువ్వే కదా నేర్పావు, మందొక్కటే చూస్తే చాలదని. రొద్దం దగ్గర తిరుపాల్ అనే కాపరి మంద. మందు తాగిన గొర్రె మూత్రం. ఈ పొద్దున ఆరు గంటలకు నేనే పట్టా. దాని వెనక డబ్బా పట్టుకుని అరగంట తిరిగా భవ్యా! ఈ చీరతో!”

ఆ ఉద్యోగంలో నవ్వే అవకాశాలు తక్కువ. భవ్య నవ్వింది. శిష్యురాలు పాఠం మరిచిపోలేదని గర్వంగా కూడా అనిపించింది.

ఊరూ పేరూ లేని కొత్త మందు కావడంతో దాని గుట్టు తేల్చడానికి యంత్రానికి రాత్రంతా పట్టింది. ఆ రాత్రి మూడు జిల్లాల చెక్‌పోస్టుల్లో కంటెయినర్ లారీలన్నిటినీ ఆపి తలుపులు తీయించారు. ఫ్రిజ్‌లు దొరికాయి, టైల్స్ దొరికాయి, పెళ్లిచూపులకు పోతూ లిఫ్ట్ అడిగి ఎక్కిన ఒక కుర్రాడు దొరికాడు. ఫ్యాక్టరీ దొరకలేదు.

*

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు, పెనుకొండ బయట టీకొట్టు పక్కన ఆపిన వ్యాన్‌లో, రిపోర్టు వచ్చింది. సీసాలో మందు మెత్తటిది. గొర్రెకు హాని లేదు, మనిషికి లేదు, పట్టుపురుగుకు కూడా లేదు. డబ్బాలో ఉన్నదీ అదే మందు. అదే రూపం.

కృష్ణకాంత్ ఫోన్‌లో తేల్చేశాడు. “మందు డెడ్ ఎండ్. మన దృష్టి మళ్లించడానికి వేసిన ఎర. ఇప్పుడే సంగీత కాల్ చేసింది. ధర్మవరం స్టేషన్ వెనక గోడౌన్‌లో అనుమానంగా ఒక కంటెయినర్ ఉందట. రాత్రే ఢిల్లీ నుంచి దిగాను, టీమ్ మొత్తాన్ని తీసుకుని అక్కడికి పోతున్నా. నువ్వూ రా.”

భవ్య సరేనంది. కానీ వ్యాన్ కదల్చమని చెప్పలేదు. రిపోర్టునే చూస్తూ కూర్చుంది. ఎక్కడో ఏదో పొసగడం లేదు.

“ఏమైంది మేడమ్?” అన్నాడు సాల్మన్.

“సాల్మన్, జిడ్డు పట్టిన చొక్కాను ఉత్త నీళ్లలో ముంచితే జిడ్డు పోతుందా?”

“యాడ పోతాది? సబ్బు పెట్టాల.”

“ఈ మందు నూనె లాంటిది. నీళ్లలో కలవదు. ఒంట్లోకి ఇలాంటిది పోతే కిడ్నీ దాన్ని బయటికి తోయలేదు. ముందు లివర్ దాన్ని పట్టుకుని, ఒక మూల విరిచి, ఇంకో మూల చక్కెర లాంటిది తగిలించి, నీళ్లలో కరిగేలా మార్చాలి. అదే సబ్బు. ఆ పని అయ్యాకే అది మూత్రంలో కనబడుతుంది. కొత్త రూపంతో.”

“మరి ఈ డబ్బాలో?”

“పాత రూపంతోనే ఉంది. ఒక్క వెంట్రుక తేడా లేకుండా.”

సాల్మన్ టీ గ్లాసు కింద పెట్టాడు. “అంటే సబ్బు పెట్టకుండానే జిడ్డు ఇడిసిందంటారు.”

“ఈ మందు ఏ గొర్రె కడుపూ చూడలేదంటాను. ఎవరో మామూలు గొర్రె మూత్రంలో సీసా మందు కలిపారు.”

చెప్పాక ఆ మాట తనకే వినబడింది. ఎవరో కాదు. డబ్బా తెచ్చింది ఒక్కరే. కానీ సంగీత అంటే తన మనిషి. తప్పు గొర్రెది కావచ్చు, యంత్రానిది కావచ్చు, ఆ మందు గుణమే విడ్డూరం కావచ్చు. ఇన్ని ‘కావచ్చు’లు వరసగా పేరుస్తున్నప్పుడే భవ్యకు తన మీద తనకు కోపమొచ్చింది. వేరేవాళ్లు తెచ్చిన డబ్బా అయితే ఈపాటికి సంకెళ్లు వేయించేది.

“రొద్దం పోనీ,” అంది. “తిరుపాల్ మందను పట్టుకుందాం.”

“చీఫ్ ధర్మవరం రమ్మన్యాడే?”

“దారి తప్పామని చెబుదాం.”

“నల్లమాడోణ్ని, నేను రొద్దం దావ తప్పుతానా?” అన్నాడు సాల్మన్, అప్పటికే బండి తిప్పుతూ.

*

రొద్దం దాటి మూడు మైళ్లు పోయాక, వేరుశనగ చేను గట్టున, తుమ్మచెట్టు కింద ఒక మనిషి, ఒక కుంటి పొట్టేలు కనిపించారు. మంద లేదు. అప్పటికి నాలుగున్నర.

“ఏమప్పా, తిరుపాల్ అంటే నువ్వేనా?” అంది భవ్య దిగుతూనే. ఆమె పుట్టింది మడకశిర పక్క పల్లెలో. ఇలాంటి చోట్ల నాలుక దానంతటదే ఇల్లు చేరుతుంది.

“నేనే. మళ్లా వచ్చినారా మందు డాక్టర్లు? తాగిచ్చినాలేమ్మా, ఒట్టు.”

“క్యాంపులోనే తాగిచ్చినావా? మంగళారం పొద్దున?”

తిరుపాల్ తలపాగా సవరించుకున్నాడు. తప్పు దొరికిపోయినవాడిలా అటూ ఇటూ చూశాడు. “వాళ్లు ఈడే తాగించి పో అన్న్యారు. మంద యాడో ఉండాది, పోయి తాగిస్తాలే అని సీసాలు తెచ్చుకున్యా. మంగళారం పూట మందు ఎవురన్నా మొదలుపెడతారా తల్లా? మంగళారం మొదలుపెట్టిన మందు మానేదే ఉండదు, ఆ రోగం దొడ్డి ఇడిసిపెట్టదు. మా నాయన కాలం నుంచీ అంతే.”

“మరి ఎప్పుడు తాగిచ్చినావు?”

“బుధవారం తెల్లారతానే ఈ కుంటిదానికి ఒక్కదానికే పోసినా. ఊరికే వచ్చిందాన్ని నమ్మకూడదు కదమ్మా. సచ్చేదుంటే ఇదొక్కటే సస్తాదని. పొద్దు మునిగేదాకా చూసినా. బాగానే మేసింది. అప్పుడు మందకంతా తాగిచ్చినా.”

భవ్య ఒక అడుగు ముందుకు వేసింది. “బుధవారం పొద్దున ఆరింటికి ఎవురన్నా ఆడమనిషి వచ్చి, నీ గొర్రెల ఉచ్చ డబ్బాలో పట్టుకుపోయిందా?”

తిరుపాల్ ఆమెను ఎగాదిగా చూసి, సాల్మన్ వైపు తిరిగాడు. “ఏమబ్బా, ఈయమ్మకు ఎండ దెబ్బ తగిలిందా?”

ఇక చూడాల్సింది ఒక్కటే మిగిలింది. పొట్టేలును సాల్మన్ తొడల మధ్య ఇరికించుకున్నాడు. భవ్య దాని ముక్కు రంధ్రాలు రెండూ అరచేత్తో మూసింది. ఇది పశువుల డాక్టర్లకు తెలిసిన పాత కిటుకు. ఊపిరాడక కంగారుపడిన గొర్రె చేసే మొదటి పని ఒకటే. పది లెక్కపెట్టేలోగా డబ్బా నిండింది. అరగంట వెంట తిరగనక్కర్లేదు, సంగీతకు ఆ పాఠం తను నేర్పలేదు.

నిన్నటిలా గుట్టంతా విప్పే పని లేదు, మందు మారిందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. యంత్రం పది నిమిషాల్లో చెప్పింది. పాత మందు జాడ లేదు. దాని చోట, ఒక మూల విరిగి కొత్త కొమ్ము మొలిచిన ఇంకో పదార్థం ఉంది. భవ్య ఒక చుక్క తీసి చెట్టు మొదట్లో పాకుతున్న చీమల బారు మీద వేసింది. చీమలు నాలుగడుగులు వేసి, కాళ్లు ముడుచుకుని, ఒక్కొక్కటే పక్కకు ఒరిగాయి. బారు మొత్తం.

పొట్టేలు మాత్రం నిశ్చింతగా తుమ్మకాయ నములుతోంది.

“దేవా!” అన్నాడు సాల్మన్.

“సీసాలో ఉన్నంతసేపు అది నిర్దోషి. ఏ ల్యాబూ పట్టుకోలేదు,” అంది భవ్య. “గొర్రె లివర్లో పడ్డాక ఒక రాత్రీ పగలూ గడిస్తే హంతకురాలు. గొర్రెకు ఏమీ కాదు, పురుగు జాతి ఏదీ బతకదు. మనం వెతుకుతున్న ఫ్యాక్టరీ లారీలో లేదు సాల్మన్. నాలుగు కాళ్ల మీద ఉంది. తిరుపాల్, మంద యాడుంది?”

“హిందూపురం పోయింది కదమ్మా. పరిగి రోడ్డులో పట్టుపురుగుల ఆఫీసోళ్ల తోట లేదూ, ఈ రోజు నుంచి ఆడ మంద నిలపాల. ఎరువు కోసరం ఏటా పిలుస్తారు. నడిపించుకుని పోతాంటే, పట్టుచీర కట్టుకున్న మేడమ్ ఎవురో మూడు లారీలు పంపింది. మద్యాన్నం మూడు గంటలకే ఎక్కించినాము. మా ఆడది వెంకటక్క వాటెంబడి పోయింది. కుంటిదాన్ని తొక్కేస్తాయని నేను దీంతో నిలబడినా.”

మల్బరీ తోటకు గొర్రెల మంద కంటే మంచి ఎరువు లేదు. మూడు వందల గొర్రెలు ఒక్క రాత్రి పడుకుంటే చాలు, నేలకు ఏడాది బలం. అదే నేలలోకి ఈ రాత్రి ఈ కొత్త పదార్థం ఇంకితే వేళ్లకు పోతుంది, వేళ్ల నుంచి ఆకుకు పోతుంది. మట్టిలో ఆ చక్కెర ముక్క ఊడి నూనె గుణం తిరిగొస్తే ఏళ్ల తరబడి వదలదు. తవ్వి పారేయడానికి అది చెత్తకుప్ప కాదు, తొమ్మిదెకరాలు.

భవ్య వేళ్ల మీద లెక్కవేసింది. స్పిండిల్ లెక్క ప్రకారం మందు మంగళవారం పొద్దున తాగి ఉండాలి. గురువారం సాయంత్రానికి గొర్రెలు పూర్తి ఉత్పత్తిలో ఉండాలి. కానీ మంద తాగింది బుధవారం పొద్దుగుంకే వేళ. అంటే కొత్త పదార్థం మొదటి చుక్క బయటపడేది సరిగ్గా ఈ పొద్దు గుంకేసరికి. దారి పొడుగునా పొలాలు ఇంకా శుభ్రంగానే ఉన్నాయి. తిరుపాల్ నాయన మంగళవారం మీద పెంచుకున్న నమ్మకం దేశానికి ఒక రోజున్నర మిగిల్చింది.

అందులో ఇప్పుడు మిగిలింది గంట.

*

“చీఫ్, సంగీత వాళ్ల మనిషి.”

వ్యాన్ తొంభై మీద ఉంది. కృష్ణకాంత్ ఉన్నచోట, ధర్మవరం గోడౌన్ తాళం విరిచిన శబ్దం ఫోన్‌లో వినిపించింది, తర్వాత ఎవరో “ఖాళీ సార్” అన్నారు.

“మేం నీకు రెండు గంటల దూరంలో ఉన్నాం,” అన్నాడు. “నువ్వే ఆపాలి.”

లలితకు ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది. సాయంత్రం ఆకు వేసే వేళ అది. నాలుగో జ్వరం లేచి, అంటే నాలుగోసారి పొర విడిచి, ఆకలి మీదున్న పురుగుల గదిలోకి ఫోన్ తీసుకెళ్లరు. కాళ్లు సున్నపు నీళ్లలో ముంచి, చేతులు కడిగి, తలకు గుడ్డ కట్టుకుని పోతారు. సెంటు, అగరుబత్తి, నశ్యం వాసన కూడా గుమ్మం దాటనివ్వరు. లోపల లలిత ఒక్కో తట్ట మీదా ఆకు పరుస్తూ, వర్షం పడ్డట్టు వినిపించే ఆ నమలుడు చప్పుడు వింటూ ఉండి ఉంటుంది. తోట గేటు దగ్గర ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు.

పరిగి దాటేసరికి సూర్యుడు కొండ అంచును తాకాడు.

క్షేత్రం గేటు ముందు మూడు లారీలు ఖాళీగా నిలబడి ఉన్నాయి. గొర్రెలన్నీ తారు రోడ్డు మీద ముద్దగా మూగి ఉన్నాయి. గేటు బార్లా తెరిచి ఉంది. ఇనుప జాలీ గేటు పక్కన, తామరపువ్వు రంగు చీరలో, వాచ్‌మన్‌తో నవ్వుతూ మాట్లాడుతోంది సంగీత. వెంకటక్క కర్ర ఊపి “హేయ్, త్రుయ్” అని అదిలిస్తోంది. ముందున్న కొమ్ముల పొట్టేలు గేటు వైపు నడిచింది. గొర్రెల సంగతి తెలిసిందే, ముందుది నడిస్తే మూడు వందలూ నడుస్తాయి.

“సాల్మన్, గేటుకు అడ్డం!”

సాల్మన్ హారన్ మీద చెయ్యి తీయకుండా, లారీలకు, గోడకు మధ్య ఉన్న సందులోంచి వ్యాన్‌ను దూర్చి, గేటు సగం మూసుకుపోయేలా అడ్డంగా ఆపాడు. పొట్టేలు బెదిరి ఆగింది. భవ్య దూకింది. చేతిలో ఆయుధం లేదు. నడుముకు వేలాడుతున్నది గొర్రె చెవులకు బిళ్ల వేసే కత్తెర పట్టకారు ఒక్కటే.

సంగీత ఆమెను చూసి రెండడుగులు ముందుకొచ్చింది. మొహంలో నవ్వు చెరగలేదు. “నువ్వు ధర్మవరంలో ఉండాలి కదా?”

“గొర్రె మూత్రం బుధవారం ఆరింటికి పట్టానన్నావు.”

“అవును.”

“మంద మందు తాగింది బుధవారం సాయంత్రం. మంగళవారం ఇక్కడెవరూ మందు మొదలుపెట్టరు.”

“ఎందుకని?” సంగీత నిజంగానే అడిగింది. రెండేళ్లు ఈ ఊళ్లో చీరలమ్మింది గానీ, ఏ ఇంట్లోనూ కూర్చుని ఒక పూట తిన్న మనిషి కాదు.

“ఎందుకు చేశావు సంగీతా? తిప్పన్న నిన్ను ‘అక్కా’ అనేవాడు.”

“రెండు పక్కలా దుడ్లు వస్తాంటే, ఒక్క పక్కే ఎందుకు నిలబడాలి?” అంది సంగీత, ఊరి మాటను వెక్కిరింపుగా పలుకుతూ. ఆమె కుడిచేయి కొప్పులోకి పోయింది. బంగారు పిన్ను బయటికొచ్చింది. దాని మొన మీద చిన్న తడి మెరిసింది. మార్కెట్లో తిప్పన్న మెడ మీద దిగింది ఇదేనని భవ్యకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

పిన్ను మెడ వైపు దూసుకొచ్చింది. భవ్య పక్కకు ఒరిగి, ఎగిరిన పైటకొంగును ఎడమచేత్తో అందుకుని, జాలీ గేటుకు ఆనించి పట్టకారు నొక్కింది. టక్. పసుపు రంగు బిళ్ల పైటను, ఇనుప జాలీని కలిపి కుట్టేసింది. ఇంకోటి నొక్కింది. టక్. సంగీత ముందుకు గుంజుకుంది. వేరే చీర అయితే సర్రున చిరిగేది. అది ధర్మవరం పట్టు, రెండు పోగుల జరీ. ఇసుమంత కూడా సాగలేదు. ఆ కుదుపుకు పిన్ను చేజారి మట్టిలో పడింది. సాల్మన్ బూటుతో దాన్ని తొక్కిపట్టి, రెండు మణికట్లకూ సంకెళ్లు వేశాడు.

కానీ గొర్రెలు ఆగలేదు. వ్యాన్‌కు, గేటు స్తంభానికి మధ్య మిగిలిన సందులోకి కొమ్ముల పొట్టేలు తల దూర్చింది. దాని ముందు కాళ్లు తోట మట్టి మీద పడ్డాయి.

“వెంకటక్కా!” అని అరిచింది భవ్య. “మందను తోటలోకి పోనీకు! వెనక్కి తిప్పు!”

“ఎందుకు తిప్పల్ల? ఆఫీసోళ్లు పిలిస్తే వచ్చినాము,” అంది వెంకటక్క కర్ర నేలకు కొట్టి. “నువ్వెవురమ్మా మధ్యలో?”

విషం, సిండికేట్, లివర్ అని చెప్పడానికి టైం లేదు. భవ్య ఒక్క మాటే చెప్పింది. “మీ గొర్రెలు తాగిన మందు ఈ తోటలో పడితే పురుగు బతకదు. పురుగు పెంచే ఆడోళ్ల ఉసురు మీకు తగులుతాది.”

వెంకటక్క మొహం మారిపోయింది. ఆమె చెల్లెలు పరిగిలో పురుగే మేపుతుంది. నోట్లో రెండు వేళ్లు పెట్టి, చెవులు చిల్లులు పడేలా ఈల వేసింది. కొమ్ముల పొట్టేలు అలాగే నిలబడి చెవులు రిక్కించింది. ఒక కాలు ఎత్తింది. దించింది. తర్వాత విసుగ్గా వెనక్కి తిరిగింది. భవ్య దాని పక్కలు రెండు చేతులా పట్టుకుని రోడ్డు మీదికి లాగింది. సాల్మన్ గేటు మూశాడు.

సూర్యుడు మునిగాడు. లారీ దిగి కుదుటపడ్డ మూడు వందల గొర్రెలు, ఒకదాన్ని చూసి ఒకటి, తారు రోడ్డు మీద ఉచ్చ పోయడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు అంత భయంకరంగా ఉంటుందని భవ్య ఎన్నడూ అనుకోలేదు.

రోడ్డు మీద వాచ్‌మన్ రంపపుపొట్టు కుమ్మరించాడు. మందను ఎదురుగా ఉన్న కల్యాణ మండపంలోకి తోలారు. ఆ వారం ముహూర్తాలు లేవు, నేల నాపరాయిది, నీళ్లు పోయే కాలువ ఒక్కటే ఉంది, దాన్ని సాల్మన్ తన కంబళితోనే మూశాడు.

అరగంట తర్వాత లలిత బయటికొచ్చింది. తలకు గుడ్డ, కాళ్లకు ఆరిన సున్నం. సంగీతను విడదీసి వ్యాన్ ఎక్కించాక గేటుకు రెండు పసుపు బిళ్లలతో మిగిలిన జరీ కొంగు ముక్కను, రోడ్డంతా పరుచుకున్న రంపపుపొట్టును చూసి నిలబడిపోయింది. భవ్య జరిగింది చెప్పింది. లలిత తోటలోకి నడిచి వెళ్లి, మొదటి సాలులో కూర్చుని, రెండు చేతులతో మట్టి తీసుకుని వాసన చూసి, వెక్కి వెక్కి ఏడ్చింది. భవ్య పక్కనే కూర్చుంది. తిప్పన్న కోసం నిన్నటి నుంచీ ఆపుకున్న ఏడుపు ఆమెకు అప్పుడు వచ్చింది.

*

శుక్రవారం పొద్దున కృష్ణకాంత్ ఫోన్ చేశాడు. సంగీత ఇచ్చిన నంబర్లతో బెంగళూరులో ముగ్గురు విదేశీయులను పట్టుకున్నారు. క్యాంపులో మందు పంచిన డాక్టరు డాక్టరు కాడు. మిగతా కాపరులకు ఇచ్చిన సీసాలన్నీ వెనక్కి వస్తున్నాయి. చాలావాటికి సీలు కూడా తీయలేదు, అందరూ మంగళవారం పోనీ అని ఆగినవాళ్లే.

“సంగీత మాత్రం నంబర్లు తప్ప ఇంకేం చెప్పడం లేదు. నోరు కుట్టేసుకుని కూర్చుంది,” అన్నాడు. “కోర్టులో నిలబడాలంటే ఆ పదార్థం సాక్ష్యంగా కావాలి, బోలెడంత. నీ దగ్గరున్న మూడు వందల మంది ఎలా ఉన్నారు? సహకరిస్తున్నారా?”

భవ్య కల్యాణ మండపం గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. సాల్మన్, తిరుపాల్, వెంకటక్క వరసగా ముక్కులు మూస్తూ, డబ్బాలు మారుస్తూ, ఊపిరాడకుండా పనిచేస్తున్నారు.

“ఒక్కటి కూడా బిగబట్టుకోవడం లేదు సార్,” అంది.